నడుం మీద నా కాలు

1974 మే నెల, రెండో మంగళవారం, ఉదయం పదిన్నర. తిరువూరులో మా డాక్టరు గారి నర్సింగ్ హోములో, నడుం నొప్పుల వాళ్ళకి బరువులు కట్టే గదిలో, కిటికీ పక్క మంచం మీదున్న రాఘవులు గారు నన్ను పిలిచారు. "నాగులూ, దుప్పటి తడిసినట్టుందేంట్రా? ఎవరన్నా నీళ్ళు ఒలకబోశారా?" అన్నారు.

ఎవరూ ఒలకబోయలేదు. ఆయన మూత్రం ఆయనకి తెలియకుండా పోతోంది. చేతికి తడి తగిలితే తెలిసింది గాని, కింద ఒంటికి తెలియలేదు.

ఆ పొద్దు గురించి రాయడానికే కూర్చున్నాను. ముప్పై ఆరేళ్ళు ఈ పని చేశాను. జీతం ఎప్పుడు పెరిగింది, శాలువా ఎవరు కప్పారు, అవన్నీ ఎవరికీ పనికిరావు. మా డాక్టరు గారి మనవరాలు ఇప్పుడు ఫిజియోథెరపీ పిల్లలకి పాఠాలు చెప్తోంది. "తాతగారి దగ్గర నువ్వు చూసింది రాసివ్వు నాగులూ, పుస్తకాల్లో లేనిది రాయి" అంది. అక్షరాలు ముప్పై నాలుగో ఏట నేర్చుకున్నవాణ్ణి. వాక్యం వంకరపోతే మీరే సర్దుకుని చదువుకోండి.

ఈ పనిలోకి ఎలా వచ్చాను

మాది ఎ.కొండూరు దగ్గర పేట. నేను తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా బయటికొచ్చాను. మా వైపు ఒక నమ్మకం ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు పట్టేసిన నడుం మీద మూడుసార్లు తన్నితే పట్టు వదులుతుంది. అందుకని ఊహ తెలిసినప్పట్నించీ నన్ను పిలిచేవాళ్ళు.

ఎవరు పిలిచేవాళ్ళో చెప్పాలి. పెద్ద పెద్ద రైతులు పిలిచేవాళ్ళు. మామూలు రోజుల్లో నేను వాళ్ళ అరుగు ఎక్కకూడదు. నడుం పట్టేసిన రోజు మాత్రం పెరటి గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళి, గోడ పట్టుకుని, వంగి నిలబడి, "కానీరా" అనేవాళ్ళు. నేను తన్నేవాణ్ణి. మెల్లగానే. కాని తన్నడం తన్నడమే. ఆ మూడు తన్నులంటే నాకు ఎంత ఇష్టమో ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

అది పనిచేసేదా అని అడుగుతారు. మామూలు పట్టు మూడు రోజుల్లో దానంతటదే వదులుతుంది. రెండో రోజు సాయంత్రం నన్ను పిలుస్తారు. మూడో రోజు పొద్దున పేరు నాకొస్తుంది. అంతకన్నా అందులో ఏమీ లేదు. పెద్ద వైద్యాలు కూడా కొన్ని ఇలాగే పేరు తెచ్చుకోవడం తర్వాత చూశాను.

డాక్టరు విశ్వనాథం గారు తిరువూరులో నర్సింగ్ హోము కడుతుంటే నేను ఇటుకలు మోశాను. ఆయన తల్లికి నడుం పట్టేస్తే వంటావిడ నా సంగతి చెప్పింది. తన్నడానికి ముందు ఆ ముసలమ్మని మంచం మీంచి లేపి, తిప్పి, నిలబెట్టింది నేనే. డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి చూశారు. "నీ కాలిలో ఏమీ లేదురా. నీ చేతుల్లో ఉంది. మనిషిని నొప్పి లేకుండా తిప్పడం అందరికీ రాదు. వార్డులో పని చేస్తావా?" అన్నారు. చేస్తానన్నాను. "అయితే కాలు బయట వదిలేసి రా" అన్నారు. నవ్వుతూ అన్నారు గాని అది నవ్వులాట కాదు. నాకు అప్పుడు తెలియలేదు.

మేము చేసిన వైద్యం

డిస్కు అంటే ఏంటో డాక్టరు గారు నాకు ముంజకాయతో చెప్పారు. వెన్నెముకలో ఎముకకీ ఎముకకీ మధ్య లేత ముంజ లాంటి మెత్త ఉంటుంది. వయసుతో, బరువులు మోయడంతో అది ఎండుతుంది, పైతోలు చిట్లుతుంది. ఒక్కోసారి లోపలి గుజ్జు పక్కకి చిమ్మి నరం మీద పడుతుంది. అప్పుడు నొప్పి నడుంలో ఆగదు, పిర్ర మీంచి కాలి బొటనవేలిదాకా తీగలాగా లాగుతుంది.

దానికి మా దగ్గరున్నవి ఇవీ. మొదటిది చెక్కబల్ల. పరుపు తీసేసి బల్ల మీద మూడు వారాలు కదలకుండా పడుకోబెట్టేవాళ్ళం. రెండోది బరువులు. నడుముకి బెల్టు కట్టి, దానికి తాడు కట్టి, మంచం కాళ్ళవైపు బావి గిలక బిగించి, ఇసక సంచులు వేలాడదీసేవాళ్ళం. మనిషి కిందికి జారిపోకుండా ఆ వైపు మంచాన్ని ఇటుకల మీద ఎత్తేవాళ్ళం. ఆ పని నాది. ఇక ఎర్రదీపం కాపడం, నొప్పి మాత్రలు, లోపల ఇనప పట్టీలు కుట్టిన నడుం పట్టీ. ఆపరేషను బెజవాడలో. ఆ మాట ఎత్తితే చాలు, "కాళ్ళు పడిపోతాయంట" అని మంచం దిగి పారిపోయేవాళ్ళు. పారిపోయినవాళ్ళలో సగం మంది తిన్నగా వాతలు పెట్టేవాడి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. నడుం మీద నాలుగు వాతలతో, చీముతో మళ్ళీ మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఇప్పుడు నా తీర్పు చెప్తాను. మూడు వారాల బల్ల తప్పు. రెండు మూడు రోజులు చాలు. మేము మంచి చేస్తున్నామనుకుని గట్టి ఒళ్ళున్న రైతుల్ని కర్ర లేకుండా నిలబడలేనివాళ్ళని చేసి ఇంటికి పంపాం. బరువులు కట్టినంతసేపు కొందరికి హాయిగా ఉండేది, విప్పితే మళ్ళీ మామూలే. ఎక్కువగా అవి మనిషిని మంచానికి కట్టి ఉంచడానికే పనికొచ్చాయి. చుట్టాలు చూడ్డానికొచ్చిన రోజు డాక్టరు గారు ఒక సంచి ఎక్కువ వేయించేవారు. "దేనికండీ?" అని అడిగితే, "వాళ్ళకి మనం ఏదో చేస్తున్నట్టు కనపడాలి కదరా" అన్నారు. మంచి డాక్టరు, మంచి మనిషి. ఆ పని మాత్రం నాకు నచ్చలేదు. మాత్రలు నొప్పి తగ్గించాయి, కొందరి కడుపు చెడగొట్టాయి. నడుం పట్టీ నాలుగు వారాలు మంచిది, ఆ పైన పెట్టుకుంటే నడుం సోమరి అవుతుంది. అన్నిటికన్నా ఎక్కువమందిని బాగుచేసింది రోజులు గడవడం.

ఆ సంగతి నాకు మొదట చూపించింది నెమలి అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఒక అర్చకులు గారు. నీళ్ళ బిందె ఎత్తుతుంటే నడుం కలుక్కుమంది. మూడు వారాల బల్ల రాశారు. నాలుగో రోజు పొద్దున్నే లేచి ఉత్తరీయం సర్దుకుంటున్నారు.

"మా వైద్యం మీద నమ్మకం లేదా అండీ?" అన్నాను.

"నమ్మకం ఉందయ్యా. సెలవే లేదు. స్వామికి నేను తప్ప ఎవరున్నారు?" అన్నారు.

కాలు లాగుతుంటే గోడ పట్టుకుంటూ బస్సెక్కారు. ఈయన పని అయిపోయిందనుకున్నాం. రెండు నెలలకి తాంబూలం పట్టుకుని నిటారుగా నడుచుకుంటూ వచ్చారు. బిందె ఎత్తకుండా చెంబులతో నీళ్ళు మోశారంట, గుడి చుట్టూ రోజూ తిరిగారంట. అంతే. డాక్టరు గారు ఆయన్ని ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు నడిపించి చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

కాని అందరూ ఆ అర్చకులు గారి లాంటివాళ్ళు కాదు. అది కూడా చెప్పాలి కాబట్టి రాఘవులు గారి దగ్గరికొస్తున్నాను.

సోమవారం నాలుగు గంటలు

రాఘవులు గారిది పెనుగొలను. నలభై దాటిన మనిషి, మామిడితోట, మాగాణి ఉన్న రైతు. బావిలోంచి ఆయిలింజను పైకి లాగుతుంటే నడుం పోయింది. మా దగ్గర పద్దెనిమిది రోజుల్నించి బల్ల మీదున్నారు. తోటలో కాయ కోతకొచ్చింది. బావమరిది శేషయ్య రోజూ వచ్చి ఎన్ని కాయలు రాలాయో చెప్పి వెళ్ళేవాడు. అది విన్నప్పుడల్లా ఆయన పళ్ళు కొరికేవారు.

ఆ పద్దెనిమిది రోజులూ ఆయనకి బెల్టు కట్టింది నేను. ఒళ్ళు తుడిచింది నేను. మలమూత్రాలు ఎత్తింది నేను. తాగే నీళ్ళు మాత్రం నా చేత్తో ముట్టనిచ్చేవారు కాదు. ఆయన భార్య సామ్రాజ్యం గారు బయటికెళ్తే, ఆవిడ వచ్చేదాకా దాహంతో ఉండేవారు.

ఆ సోమవారం సాయంత్రం నాలుగు గంటలకి సిస్టరు మరియమ్మ పురుళ్ళ గదిలో ఉంది. డాక్టరు గారు ఎవరినో చూడ్డానికి ఊళ్ళోకి వెళ్ళారు.

"నాగులూ, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావంటగా?"

"ఎవరు చెప్పారండీ?"

"కొండూరులో మా మేనత్త ఉందిలే. ఆవిడ నడుం తన్నింది నువ్వేనంట."

"ఆవిడది పట్టు అండి. మీది డిస్కు."

"డిస్కూ లేదు గిస్కూ లేదు. పద్దెనిమిది రోజులు ఇసక సంచులు వేలాడదీశారు. ఏం ఊడింది? ఈ బెల్టు విప్పు. మూడు తన్ను."

సామ్రాజ్యం గారు లేచి నిలబడింది. "వద్దండీ. డాక్టరు గారికి తెలిస్తే ఊరుకోరు."

"తెలిస్తే వీడి ఉద్యోగం పోద్ది, నా పరువు పోద్ది. కాబట్టి ఇద్దరం చెప్పం. ఇక మిగిలింది నువ్వు. వెళ్ళి తలుపు దగ్గర నిలబడు."

నేను కుదరదనాలి. అనలేదు. నా చేతి నీళ్ళు తాగని మనిషి నా కాలు అడుగుతున్నాడు. బెల్టు విప్పాను. పట్టుకుని లేపాను. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని వంగి నిలబడ్డారు. రెండుసార్లు ఆనించినట్టుగా తన్నాను. మూడోది కోపంతో తన్నాను. ఆయన "హమ్మా" అన్నారు.

తర్వాత నాలుగు అడుగులు వేశారు. మొహం వెలిగిపోయింది. "తేలికైందిరా! డాక్టరు గారి బోర్డు పీకేసి నీ చెప్పు వేలాడదీయాల్రా అక్కడ!" అన్నారు. సామ్రాజ్యం గారు కూడా నవ్వింది. నేనూ నవ్వాను. మళ్ళీ పడుకోబెట్టి, బెల్టు కట్టి, ఏమీ జరగనట్టు సంచులు వేలాడదీశాను.

ఆరు గంటలకి పిలిచారు. "కూర్చునే చోట మొద్దుబారిందిరా. తడుముకుంటే నా ఒళ్ళులాగా లేదు, ఎవరి ఒళ్ళో తడుముతున్నట్టుంది" అన్నారు.

"బెల్టు బిగువండి" అని వదులు చేశాను.

ఏడింటికి మూత్రం రావట్లేదన్నారు. మంచం మీద సిగ్గుతో రాకపోవడం రోజూ చూసేదే. సామ్రాజ్యం గారిని బయటికి పంపి, చప్పుడుకి వస్తుందేమోనని చెంబులోంచి చెంబులోకి నీళ్ళు పోశాను. పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టాను. రాలేదు.

అప్పుడే డాక్టరు గారు ఇంటికెళ్తూ తలుపులోంచి తొంగిచూశారు. "అంతా బానే ఉందా?"

రాఘవులు గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. "బానే ఉందండి" అన్నాం, ఇద్దరం ఒకేసారి.

ఆయన మెట్లెక్కి పైనున్న తన ఇంట్లోకి వెళ్ళిపోయారు. నేను ఆ మెట్లు ఎక్కి ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

మంగళవారం

దుప్పటి తడి చూడగానే నేను అరిచాను. డాక్టరు గారు, వెనకాలే మరియమ్మ సిస్టరు వచ్చారు. ఆయన రాఘవులు గారిని పక్కకి తిప్పించి, సిస్టరు పళ్ళెంలోంచి పిన్ను తీసుకుని పిర్ర మీద గుచ్చారు.

"గుచ్చితే చెప్పండి."

"గుచ్చండి మరి" అన్నారు రాఘవులు గారు. అప్పటికే నెత్తురు చుక్క కనపడుతోంది.

డాక్టరు గారి మొహంలో రంగు పోయింది. "ఇలా ఎప్పట్నించి?"

"ఇప్పుడేనండి."

నా వైపు తిరిగారు. "ఏరా?"

"ఇప్పుడేనండి" అన్నాను.

"కాదండీ" అంది సామ్రాజ్యం గారు. "నిన్న సాయంత్రం ఆరింటి నుంచి. నాలుగింటికి నాగులు చేత నడుం తన్నించుకున్నారు. రాత్రంతా మూత్రం లేదు."

"నోరు ముయ్యవే!" అని అరిచారు రాఘవులు గారు.

"నిన్నంతా మూసే ఉంచానండి" అంది ఆవిడ.

తలుపు దగ్గర నిలబడ్డ శేషయ్య నా మీదికి రాబోయాడు. డాక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టారు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పిన్ను పళ్ళెంలో పెట్టేసి, "దీనికి బల్ల లేదు, బరువు లేదు, మాత్ర లేదు. ఆ గుజ్జు నరాల కట్ట మొత్తాన్నీ నొక్కేసింది. కోసి తీయాలి. అదీ ఈ పూటే" అన్నారు.

సిస్టరు రబ్బరు గొట్టం వేస్తే బిందెడు మూత్రం వచ్చింది; దుప్పటి తడిపింది నిండి పొర్లిన కాస్తే. ఆయనకి తెలియనే లేదు. కారులో మనిషిని పడుకోబెట్టలేం. శేషయ్య రోడ్డు మీదికి పరిగెత్తి బెజవాడ వెళ్ళే మామిడికాయల లారీ ఒకటి ఆపాడు. సగం గంపలు దింపించి, గడ్డి పరిచి, మంచం మీది బల్లతో సహా ఆయన్ని ఎక్కించాం. కదలకుండా ఒక పక్క నేను, ఒక పక్క డాక్టరు గారు పట్టుకుని కూర్చున్నాం. సామ్రాజ్యం గారు తల దగ్గర. మైలవరం దాటాక ఆయనకి దాహం వేసింది. ఫ్లాస్కు నా కాళ్ళ దగ్గరుంది. నేను అందించబోతే ఆయన తల తిప్పుకున్నారు. ఆవిడ తీసుకుని తాగించింది.

నేను డాక్టరు గారిని అడిగాను. "నా కాలి వల్లేనా అండి?"

ఆయన చెప్పారు. "ఏమో. దగ్గినా ఆ గుజ్జు ఊడొచ్చు, తుమ్మినా ఊడొచ్చు. నీ కాలి వల్ల కూడా అయ్యుండొచ్చు, అంతే. కాని నిన్న ఏడింటికి నేను తలుపులోంచి అడిగాను చూడు, అప్పుడు నువ్వన్న మాట వల్ల మాత్రం ఒక రాత్రి పోయింది. అది ఖాయం."

ఆ సాయంత్రమే ఆపరేషను అయింది. కోసిన సర్జను బయటికొచ్చి, ముందురోజే తెచ్చి ఉంటే బావుండేదని ఒక్క మాట అన్నాడు.

కాళ్ళలో బలం ఏడాదికి కొంత వచ్చింది. కర్రతో నడిచారు. మూత్రం తెలియడం మాత్రం రాలేదు. ఒంటికి గొట్టంతో పదకొండేళ్ళు బతికారు. చివరికి ఆ గొట్టం దారినే చీము మూత్రపిండాలకి ఎక్కి పోయారు.

మీరు ఏం చెయ్యాలి

నడుం నొప్పి అన్నవాణ్ణి ముందు మూత్రం సంగతి అడగండి. సిగ్గుపడకండి, వాళ్ళని సిగ్గుపడనివ్వకండి. వస్తోందా, వచ్చేది తెలుస్తోందా, కూర్చునే చోట స్పర్శ ఉందా. మూడింటిలో ఒక్కటి తేడా ఉన్నా మీ దీపాలు, బెల్టులు, వ్యాయామాలు అన్నీ పక్కన పెట్టి పెద్ద డాక్టర్లకి చెప్పండి. ఆ పూటే చెప్పండి. మిగతా నడుం నొప్పులన్నిటికీ ఓపికుంది. దీనికొక్కదానికే లేదు.

ఇంకొకటి. మీ దగ్గరికొచ్చే రోగి అంతకుముందే ఎవరిదగ్గరికో వెళ్ళే ఉంటాడు. వాత పెట్టేవాడో, తైలం పోసేవాడో, తన్నేవాడో. దాన్ని వెక్కిరించారా, వాడు చెప్పడు. మా డాక్టరు గారు వెక్కిరించేవారు. అందుకే రాఘవులు గారు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నా తప్పు ఆయన మీదికి నెట్టట్లేదు. ఉన్నమాట చెప్తున్నాను.

డాక్టరు గారు నన్ను తీసెయ్యలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడారు. ఎందుకు ఉంచారో అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. ఆ ఏడే మరియమ్మ సిస్టరు దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. "మీ అమ్మ పేరు రాయడం నేర్పనా?" అంది. వద్దన్నాను, మూత్రం అని రాయడం నేర్పమన్నాను. ఏ మంచం మనిషికి ఏ గంటకి వచ్చిందో రాసి పెట్టాలని. ఆవిడ నవ్వలేదు. మర్నాడు పలక తెచ్చింది. ఆ తర్వాత నేను ఎవరినీ తన్నలేదు. చాలామంది అడిగారు.

చివరిసారి

పోయే ముందు సంవత్సరం రాఘవులు గారు గొట్టం మార్పించుకోడానికి మా దగ్గరికొచ్చారు. సిస్టరు లేదు, నేనే మార్చాను. ఇద్దరమే ఉన్నాం. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "నువ్వు నన్ను తన్నిన సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు కదరా?" అన్నారు.

పదేళ్ళ గొట్టం, పుళ్ళు, వాసన. అవేవీ కాదు, ఆయన్ని తింటున్నది ఇది.

"లేదండి. చెప్పను" అన్నాను. ఆయన పోయాక కూడా ఆ మాట మీదే ఉన్నాను. ఈ కాగితాలు మొదలుపెట్టే ముందు పెనుగొలను వెళ్ళి సామ్రాజ్యం గారిని అడిగాను. ఎనభై దాటింది, చూపు తగ్గింది. గుమ్మం బయట నిలబడి అడిగితే, లోపలికి రమ్మని కుర్చీ చూపించింది.

"రాయి నాగులూ. ఆయన పరువు కోసం ఒక రాత్రి ఊరుకున్నాను. చాలు. పేర్లతో సహా రాయి" అంది.

రాస్తున్నాను. ఆ మంగళవారం ఉదయం ఆ గదిలో ఉన్నవాళ్ళు: పిన్ను పట్టుకున్న డాక్టరు విశ్వనాథం గారు. పళ్ళెం పట్టుకున్న సిస్టరు మరియమ్మ. తలుపు దగ్గర బావమరిది శేషయ్య. మంచం మీద పెనుగొలను రాఘవులు గారు. నిజం చెప్పిన సామ్రాజ్యం గారు. అబద్ధం చెప్పిన నాగులు.